రాతి హిమానీనదాల కదలిక – నీటి పాత్ర

రాతి శకలాలు, మంచుగడ్డ కలగలిసి పర్వతపు వాలుపై మెల్లగా జారే రాశినే రాతి హిమానీనదం అంటారు. స్విట్జర్లాండ్‌లోని ముర్తెల్ వద్ద 1987లో తవ్విన బోరు రంధ్రం, కదలికలో అధికభాగం సుమారు 30 మీటర్ల లోతున గల పలుచని పొరలోనే జరుగుతున్నదని చూపింది. వేసవి వేడిమి నేలగుండా అంత లోతుకు చేరడానికి నెలలు పడుతుంది. నీరు మాత్రం సందులు దొరికితే త్వరగా దిగుతుంది. అదే దేశంలోని రిటిగ్రాబెన్‌లో కరిగిన హిమజలం, వర్షపు నీరు జారుడు పొరకు చేరినప్పుడు వేగం హఠాత్తుగా పెరిగినట్లు గుర్తించారు.

ఆల్ప్స్‌లో అనేకచోట్ల వేగం శరత్కాలంలో గరిష్ఠం, వసంతంలో కనిష్ఠం. శీతాకాలారంభంలోనే దట్టంగా కురిసిన హిమం దుప్పటివలె నేలను చల్లబడనీయదు. ఆపై వేగం హెచ్చవచ్చు. గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చూసి అంచనా వేయడం చాలదు. రిటిగ్రాబెన్ ముందంచు నుండి రాలే రాళ్లే, భారీ వర్షాలకు దిగువ వాగులో బురద ప్రవాహాలై లోయను చేరుతున్నాయి.