పగిలినా పడిపోని అద్దం

పార్లమెంటుకు విరామం దొరికిన ఒక రోజున పాత కోట పక్కనున్న జంతు ప్రదర్శనశాలకు వెళ్ళాను. 1959లో ప్రారంభమైన ఈ ఉద్యానపు రూపకల్పనలో జర్మనీకి చెందిన హేగెన్‌బెక్ కుటుంబీకుని చేయి ఉంది. ఇనుప కటకటాలకు బదులు కందకాలతో మృగాలను చూపే పద్ధతిని 1907లో హాంబర్గ్‌లో ప్రసిద్ధం చేసినది ఆ కుటుంబమే. మృగానికి ఆకాశం దక్కింది. కాని కందకం మృగాన్ని బయటికి రానీయదే గాని, మనిషిని లోపలికి పోనీయకుండా ఆపలేదు. 2014 సెప్టెంబరు 23న ఇక్కడే ఒక యువకుడు తెల్లపులి వాత పడ్డాడు. జారాడా, దూకాడా అని తరువాత వాదులాడుకున్నాము. ఎత్తయిన అద్దపు గోడ ఉంటే ఆ ప్రశ్నే రాదు.

అయితే ఎటువంటి అద్దం? వేడితో గట్టిపరచిన ఒంటి పలక పగిలిందంటే మొత్తం పలుకులై రాలిపోతుంది. అందువల్ల ఇంజనీర్లు పలు పలకలను నడుమ ప్లాస్టిక్ పొరలతో అతికిస్తారు. ఒకటి బీటలు వారినా ముక్కలు పొరను అంటిపెట్టుకుంటాయి; తక్కిన పలకలు పులి దెబ్బకు ఓర్చుకోవాలి. పట్టి ఉంచే చట్రమూ అంత బలంగా ఉండాలి. పగలదన్న ధీమాతో కాదు, పగులుతుందన్న ఎరుకతో కట్టే గోడ ఇది. అద్దాన్ని బాది మృగాన్ని వేధించే చేతులను ఆపవలసింది మాత్రం మనమే.

ఈ విద్య రాజధానికి కొత్త కాదు. ప్రముఖుల కార్లలో తూటాలను ఆపే అద్దాలదీ ఇదే సూత్రం. బిడ్డ చేయి పట్టుకుని టిక్కెట్టు కొనే పౌరునికీ ఆ శ్రద్ధ దక్కాలని కోరడం అత్యాశా?