మంత్రశక్తికి వెల ఎవరు కడతారు?

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి పాచికలు వేస్తారు. ఇటువంటి ఆట 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో అచ్చయింది. కాలక్షేపమే కావచ్చు, కాని అది కథాకల్పన కూడా. కనుక మన విమర్శకు అంటరానిది కాదు. విశాఖలో కూర్చుని తెలుగులో అటువంటి ఆట రాయదలచినవారికి మొదటి చిక్కు మాంత్రికుడి దగ్గరే వస్తుంది. నిప్పు మంత్రం, నీటి మంత్రం, గాలి మంత్రం అని పేర్లు పెట్టినంత మాత్రాన మూడు విద్యలు కావు. రంగు మార్చిన ఒకే విద్య అది. శక్తి ఎక్కడ నిలవ ఉంటుంది, ఎవరి చేతికి వస్తుంది, వెల ఎవరు చెల్లిస్తారు అన్నవాటిలోనే అసలు తేడా ఉంది.

ఆ తొలి ఆటలో మంత్రం మాంత్రికుడి జ్ఞాపకంలో ఉంటుంది. ప్రయోగించగానే చెరిగిపోతుంది, మళ్లీ వల్లె వేయాలి. జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన 'ది డైయింగ్ ఎర్త్' కథల నుంచి తెచ్చుకున్న నియమమిది. 1981లో వచ్చిన 'కాల్ ఆఫ్ కథుల్హు'లో మంత్రం వేసినవాడి మతిస్థిమితం తరిగిపోతుంది. 1978 నాటి 'రూన్‌క్వెస్ట్'లో పెద్ద మంత్రం కావాలంటే ఒక దేవత కొలువులో చేరి సేవ చేయాలి. అంటే అక్కడ మంత్రం ఒక సామాజిక సంబంధం.

మన కథలు ఈ పని ఏనాడో చేశాయి. 'పాతాళభైరవి' (1951)లో వెల పరాయివాడి ప్రాణం. మాంత్రికుడు సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వజూస్తాడు, తోటరాముడు ఆ మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను పొందుతాడు. ఆ ప్రతిమకు మంచివాడు, చెడ్డవాడు అన్న విచక్షణ లేదు. ఎవరి చేతిలో ఉంటే వారిది. అందుకే అది దొంగల పాలు కాగానే రాముడి వైభవమంతా కూలుతుంది. ఇది అచ్చంగా ఆస్తి స్వభావం. బాలనాగమ్మ కథలో వేరే పద్ధతి: మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. కత్తి పనికిరాదు, రహస్యం తెలియాలి. అది రాబట్టగలిగినది అతడి చెరలో ఉన్న స్త్రీ ఒక్కతే. ఒక్క నియమం కథాభారాన్ని వీరుడి భుజం మీది నుంచి బందీ మీదికి మార్చింది.

విశాఖలోనే ఇంతకన్నా సూక్ష్మమైన పద్ధతి ఒకటుంది. జాలారిపేట మత్స్యకారుల సోదె గురించి చార్లెస్ నకోల్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు వివరంగా రాశాడు. బిడ్డకు జబ్బు చేస్తే ఏ అమ్మవారికి కోపం వచ్చిందో, ఎందుకు వచ్చిందో అడుగుతారు. ఆ విచారణ చివరకు బంధువుల మధ్య తెగని తగాదా దగ్గరికి చేరుతుంది. ఆటగా రాస్తే ఇక్కడ పాచిక వేయవలసింది అమ్మవారి బలానికి కాదు, అన్నదమ్ములు ఒకచోట కూర్చుంటారా అన్నదానికి.

ఇక చిల్లంగి. విశాఖ మన్యంలో చిల్లంగి పెట్టారన్న నెపంతో మనుషుల్ని చంపిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. 'స్థానికత' కోసం దీన్ని కూడా ఒక విద్యగా చేర్చి, ఇన్ని పాయింట్లకు ఇంత హాని అని పట్టిక రాసే ప్రలోభం కలగవచ్చు. ఆ పట్టిక రాసిన క్షణాన ఆటలో నిందితురాలు నిజంగానే దోషి అవుతుంది, చంపినవాడు న్యాయం చేసినవాడవుతాడు. పాతాళభైరవిని నమ్మి ఎవరూ ఎవరినీ నరకలేదు. చిల్లంగి సంగతి అలా కాదు. దాన్ని వదిలేయమని నేననను. నియమం మంత్రానికి కాక పుకారుకు రాయాలంటాను: జ్వరం వచ్చిన ఇళ్లెన్ని, ఆసుపత్రి ఎంత దూరం, ఒంటరి ముసలిదాని చెక్క భూమి మీద ఎవరి కన్నుంది. వీటిని బట్టి పుకారు బలం పెరగాలి. ఆమె పాత్ర వివరాల్లో మంత్రాల గడి ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి కథ నడిపేవాడికి తెలుసు, తక్కిన ఆటగాళ్లకు తెలియదు.