పాట ఉంది, పేరు లేదు

గుండ్రటి చక్రం ఉన్న పాత ఐపాడ్‌ను కంప్యూటర్‌కు తగిలించి, దాచిన ఫోల్డర్లు కూడా కనిపించేలా సెట్టింగ్ మారిస్తే ‘ఐపాడ్ కంట్రోల్’ అనే ఫోల్డర్ బయటపడుతుంది. లోపలికి వెళ్తే ఎఫ్00, ఎఫ్01, ఎఫ్02 అంటూ వరసగా మరిన్ని ఫోల్డర్లు. పాటలన్నీ వాటిలోనే ఉంటాయి. సినిమా పేరుండదు, గాయకుడి పేరుండదు. ఒక్కో ఫైలుకీ అర్థంపర్థం లేని నాలుగు ఇంగ్లిషు అక్షరాలే పేరు.

ఏ ఫైలు ఏ పాటో తెలిపే చిట్టా వేరే చోట, ‘ఐట్యూన్స్ డీబీ’ అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. ఐపాడ్ తెరమీద చూపించేది ఆ చిట్టానే. మామూలు ఎంపీ3 ప్లేయర్లో పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు పాటలు వేసుకోవడం అలవాటైనవాళ్లు ఐపాడ్ దగ్గర తెల్లబోయేవారు. కాపీ అయ్యేది, చోటూ నిండేది, పాట మాత్రం మోగేది కాదు. చిట్టాకెక్కని పాట ఐపాడ్ లెక్కలో లేనే లేదు. వెయ్యి ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి చూడటం కన్నా ఒక్క జాబితా చదవడం చిన్న యంత్రానికి తేలికే. కానీ ఆ జాబితా రాసే పని యాపిల్ వాళ్ల ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్‌కే అప్పగించడంతో చిక్కు మొదలైంది.

2001 అక్టోబర్‌లో 5 జీబీ ఐపాడ్ వచ్చినప్పుడు అది మాక్ కంప్యూటర్లకే పనికొచ్చేది. మరుసటి ఏడాది విండోస్ వాళ్లకు ‘మ్యూజిక్‌మ్యాచ్’ అనే వేరే సాఫ్ట్‌వేర్ జతచేసి ఇచ్చారు. విండోస్‌కు ఐట్యూన్స్ 2003 అక్టోబర్‌లో గానీ రాలేదు. లినక్స్ వాళ్లకు అదీ లేదు. వాళ్లే కూర్చుని చిట్టా గుట్టు విప్పి, ‘జీటీకేపాడ్’ లాంటి ప్రోగ్రాములు రాసుకున్నారు. 2007 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త ఐపాడ్‌లు చిట్టాలోని వివరాల నుంచి లెక్కగట్టిన ఒక ముద్రను అడగసాగాయి. ముద్ర సరిపోకపోతే లోపల ఎన్ని పాటలున్నా తెరమీద సున్నాయే. కొద్ది రోజుల్లో ఆ లెక్కనూ ఛేదించారు. డబ్బు పోసి కొన్న పెట్టెలో తమ పాటలు తాము వేసుకోవడానికి ఎవరికీ ఇంత అవస్థ రాకూడదు.

2009లో ఈ తగవు వీధికెక్కింది. పామ్ కంపెనీ ‘ప్రీ’ ఫోన్ తానే ఐపాడ్‌నని ఐట్యూన్స్‌కు చెప్పుకుని పాటలు తీసుకునేది. పామ్‌ను అప్పుడు నడిపిస్తున్న జాన్ రూబిన్‌స్టీన్ అంతకుముందు యాపిల్‌లో ఐపాడ్ విభాగం చూసినవాడే. జులైలో ఐట్యూన్స్ కొత్త వెర్షన్ ప్రీని గుర్తించడం మానేసింది. పది రోజులు తిరక్కముందే పామ్ ఎదురు ఎత్తు వేసింది. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ తయారుచేసింది ఎవరో చెప్పే నంబరు ఒకటుంటుంది. ప్రీ తన నంబరు బదులు యాపిల్ నంబరు చెప్పసాగింది. ఆ నంబర్లు ఇచ్చే సంస్థ సెప్టెంబర్‌లో పామ్‌దే తప్పని తేల్చింది. ఐట్యూన్స్ మళ్లీ తలుపేసింది. ఫోన్ అదే, పాట అదే, కేబులూ అదే; నిన్న ఎక్కిన పాట ఇవాళ ఎక్కలేదు.

తెలుగు పాటలకు ఇంకో ఇబ్బంది ఉంది. దానికి ఏ కంపెనీ తగవూ కారణం కాదు. ఎంపీ3 ఫైలు చివర వివరాలు రాసే పాత పద్ధతి, అంటే ఐడీ3 మొదటి వెర్షన్, పాట పేరుకు 30 బైట్ల చోటే ఇస్తుంది. ఇంగ్లిషుకైతే ముప్పై అక్షరాలు పడతాయి. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో తెలుగుకు ఒక్కో గుర్తుకు మూడేసి బైట్లు కావాలి. గుడి, ఎత్వం, పొల్లు కూడా వేరే గుర్తులే. ‘సిరివెన్నెల’ రాయాలంటే 11 గుర్తులు, 33 బైట్లు. చివరి ‘ల’కు చోటు చాలదు. తర్వాతి వెర్షన్లు ఈ కొరత తీర్చాయి గానీ, తెలుగు ఫాంటు లేని చవక ప్లేయర్లలో పేరుకు బదులు గడులే కనిపించేవి.

2022 మేలో యాపిల్ ఐపాడ్‌కు ముగింపు పలికింది. సొంత సీడీల నుంచి పాత ఐపాడ్‌లోకి ఎక్కించుకున్న పాటలు బయటికి తెచ్చుకోవాలంటే, ఎఫ్00 మొదలు ఫోల్డర్లన్నీ కంప్యూటర్లోకి కాపీ చేసి, ఏదైనా పాటల సాఫ్ట్‌వేర్‌కు చూపించాలి. నాలుగక్షరాల పేరును పక్కనపెట్టి, ఫైలు లోపల వివరాలు రాసి ఉన్న ట్యాగ్‌ను చదివి, అది పాట పేరు, గాయకుల పేర్లు తిరిగి తెస్తుంది. ఆ ట్యాగ్ పాత పద్ధతిదైతే మాత్రం ‘సిరివెన్నె’ దాకానే వస్తుంది.