బోర్లా పడడం నేర్చిన బిడ్డకు రాత్రి పడక

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచడం తెలుగు నేల ఆచారం. జహీరాబాద్ వంటి ఊళ్లలో గోడకు గోడ ఆనుకొని ఉండే ఇళ్ల మధ్య ఇటువంటి సంబరాలకు మతభేదం తక్కువ. పక్కింటి నుంచి బొబ్బట్ల పళ్లెం వస్తే, ఆ పళ్లెంలోనే ఇక్కడి నుంచి సేమ్యా ఖీర్ వెళ్తుంది. మెడ నిలిచిందనీ, నడుము బలపడిందనీ, శరీరం తన మాట వింటోందనీ బిడ్డ ఇచ్చే తొలి సాక్ష్యం ఆ దొర్లడమే. అల్‌హమ్దులిల్లాహ్ అనవలసిన ఘడియే అది. అయితే పగలు పదిమంది కళ్లెదుట ముచ్చటగొలిపే ఈ విద్యనే బిడ్డ అర్ధరాత్రి, ఇంటిల్లిపాదీ నిద్రపోయాక, దిండ్ల నడుమ, దుప్పటి కింద కూడా అభ్యసిస్తుంది. కనుక మిఠాయి పంచిన రోజే పడకనూ సరిదిద్దుకోవాలి.

మొదట మూలసూత్రం. పుట్టిన నాటి నుంచి ఏడాది నిండే వరకు, రాత్రి నిద్రకైనా పగటి కునుకుకైనా బిడ్డను వెల్లకిలా, అంటే వీపు మీదనే పడుకోబెట్టాలి. బోర్లా కాదు, పక్కకు ఒత్తిగిల్లించీ కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైనా, పాలు కక్కే బిడ్డకైనా, వైద్యులు ప్రత్యేకంగా వేరే చెబితే తప్ప ఇదే పద్ధతి.

వెల్లకిలా పడుకున్న బిడ్డ కక్కుకుంటే ఆ పాలు గొంతుకు అడ్డం పడవా? మన నానీ, దాదీల నోట తరచుగా వినిపించే ఈ భయం ఒకప్పుడు పెద్ద పెద్ద వైద్యులకూ ఉండేది. అమెరికాలో శిశుపోషణకు పెద్ద గ్రంథంగా చెలామణి అయిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ పుస్తకం 1950ల ద్వితీయార్ధంలో సరిగ్గా ఈ కారణంతోనే పిల్లలను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చింది. లక్షలాది తల్లులు పాటించారు. ఏ జబ్బూ లేని పిల్లలు నిద్రలోనే మరణించడం ఆ దేశాలలో పెద్ద విషాదంగా మారింది. 1980లలో న్యూజిలాండ్, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో జరిగిన పరిశోధనలు వేలెత్తి చూపింది ఈ బోర్లా పడకనే. 1992లో అమెరికా శిశువైద్యుల సంఘం తన సలహాను మార్చుకుంది. 1994లో దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. కొద్ది సంవత్సరాలలోనే అటువంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, యంత్రం లేదు, మారింది పడుకోబెట్టే తీరు ఒక్కటే! ఉన్న ఆధారాలను ముందే ఒకచోట చేర్చి పరిశీలించి ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పదివేలకు పైగా పసిప్రాణాలు నిలిచేవని 2005లో ప్రచురితమైన ఒక సమీక్ష లెక్కగట్టింది.

శరీర నిర్మాణం కూడా ఇదే చెబుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకున్నప్పుడు ఆ క్రమం తలకిందులవుతుంది. పైగా ముక్కు పరుపుకు ఆనుకొని, వదిలిన గాలినే బిడ్డ మళ్లీ పీల్చుకునే ప్రమాదం ఉంది. పెద్దవారైతే ఊపిరాడకపోతే మేల్కొంటారు. తొలి నెలల శిశువులో ఆ మేల్కొలుపు ఇంకా బలహీనంగా ఉంటుంది.

మన దగ్గర ఇటువంటి మరణాల లెక్క బయటికి రాదు. ఇంట్లో నిద్రలో పోయిన పసిబిడ్డకు శవపరీక్ష జరగడం అరుదు. నజర్ తగిలిందనో, గాలి సోకిందనో అనుకొని, చిన్న జనాజాతో ఖబ్రస్తాన్‌కు వెళ్లి వస్తారు. తఖ్దీర్‌ను నమ్మిన హృదయం సబ్ర్ చేస్తుంది, నిజమే. కానీ కారణం తెలియకపోతే తరువాతి బిడ్డనూ అదే పడకపై పడుకోబెడతారు.

ఇక దొర్లే దశ. నాలుగో నెల ప్రాంతంలో చాలామంది పిల్లలు ముందు బోర్లా నుంచి వెల్లకిలాకు, ఐదారు నెలలకు వెల్లకిలా నుంచి బోర్లాకు తిరుగుతారు. కొందరు మూడో నెలలోనే ప్రయత్నం మొదలుపెడతారు. ఈ దశలో తల్లులు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘వెల్లకిలా పడుకోబెట్టాను, తనే బోర్లా తిరిగాడు, రాత్రంతా మేలుకొని తిప్పుతూ కూర్చోవాలా?’

అవసరం లేదు. పడుకోబెట్టేటప్పుడు మాత్రం ప్రతిసారీ వెల్లకిలానే. బిడ్డ రెండు వైపులా, అంటే వీపు నుంచి పొట్టకు, పొట్ట నుంచి వీపుకు స్వయంగా తిరగగలిగితే, నిద్రలో తాను కుదుర్చుకున్న భంగిమలో ఉండనివ్వవచ్చు. ఒకవైపు మాత్రమే తిరిగి, వెనక్కి రాలేక చిక్కుకుపోయే బిడ్డనైతే, చూసినప్పుడు మెల్లగా వెల్లకిలా తిప్పాలి. తల్లి కాపలా కంటే ముఖ్యమైనది బిడ్డ చుట్టూ ఏముంది అన్నది. దొర్లిన బిడ్డ ముఖం ఎక్కడ ఆగినా అక్కడ గట్టి, చదునైన పరుపు తప్ప మరేమీ ఉండకూడదు.

ఇక్కడ మన ఇళ్లకు ప్రత్యేకమైన ఒక సందేహాన్ని తేల్చుకోవాలి. కుడి పక్కకు తిరిగి పడుకోవడం సున్నత్ కదా, బిడ్డనూ అలాగే అలవాటు చేయాలి కదా అని కొందరు తల్లులు వీపు వెనుక దిండు ఒత్తిపెట్టి పసివాణ్ణి పక్కకు ఒత్తిగిల్లిస్తారు. వారి ఉద్దేశం ఉత్తమమైనదే. కానీ హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఆ బోధ ఎవరి కోసమో గమనించండి. పడకకు చేరేముందు వుజూ చేసుకొని, కుడి పక్కకు పడుకొని, దుఆ చదవమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. వుజూ చేసి దుఆ చదవగలిగినవారికి నేర్పిన మర్యాద అది. బోర్లా పడుకోవడం అయిష్టకరమని చెప్పే హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. అది కూడా పెద్దవారిని ఉద్దేశించినదే. ఎదిగే వరకు బాలల నుంచి కలం ఎత్తివేయబడిందన్న ప్రవక్త వాక్కు మనకు తెలిసినదే. కనుక నిద్రలో తానై బోర్లా తిరిగిన పసివాని విషయంలో తల్లి మనసులో అపరాధభావం అక్కరలేదు. పక్కకు పడుకోబెట్టిన శిశువు మాత్రం నిలకడగా ఉండడు. కాస్త కదిలితే బోర్లా పడతాడు. సున్నత్ మీది ప్రేమతో చేసిన పని ప్రమాదానికి దారి తీయకూడదు. ఆ అలవాటు నేర్పడానికి బిడ్డకు మాటలు వచ్చేదాకా ఆగవచ్చు, దుఆతో పాటే నేర్పవచ్చు.

దొర్లడం మొదలవుతోందని అనిపించగానే ఇంట్లో మూడు వస్తువులను నిద్రవేళ పక్కన పెట్టాలి. మొదటిది చుట్టుగుడ్డ. చేతులు బిగించి చుట్టిన బిడ్డ బోర్లా పడితే చేతులు ఊని తల ఎత్తలేదు. మూడు, నాలుగు నెలల మధ్య తొలి ప్రయత్నం కనిపించిన రోజే చుట్టడం మానాలి. ‘ఈ వారం కూడా కానిచ్చి’ అనుకోకూడదు. రెండవది ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఈ దిండుపై మన స్త్రీలకు అపారమైన నమ్మకం. దొర్లే బిడ్డ ముఖం దాని పక్కన ఇరుక్కుంటే? తల గుండ్రంగా ఉండాలంటే ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తలవైపు మార్చి పడుకోబెట్టండి, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా ఆడించండి. పసితనపు చప్పిడి చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే శిశువైద్యులకు చూపించాలి.

మూడవది జోలె. దీని గురించి కఠినంగా మాట్లాడడానికి మనసు రాదు. ఈ ప్రాంతపు చెరుకు తోటల గట్లపై, చెట్టుకొమ్మకు చీర కట్టి అందులో బిడ్డను ఊపి కూలికి దిగే తల్లికి మరో దారి చూపకుండా ‘జోలె తప్పు’ అనడం సులభం. జోలెలో ఊపి జోకొట్టడంలో దోషం లేదు. అయితే అందులో శరీరం విల్లులా వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, శ్వాసమార్గం ఇరుకవుతుంది. దొర్లే వయసులో గుడ్డ ముఖానికి చుట్టుకుంటుంది, బిడ్డ జారి పడవచ్చు కూడా. కళ్లెదుట ఉన్నంతసేపే జోలె. కునుకు పట్టగానే చదునైన చోటికి మార్చాలి. వాలుగా ఉండే పడకల ప్రమాదం ఇతర దేశాలూ చవిచూశాయి. అమెరికాలో ఒక ప్రముఖ సంస్థ అమ్మిన వాలు ఉయ్యాలలో ముప్పైమందికి పైగా శిశువులు మరణించాక, 2019 ఏప్రిల్‌లో దాదాపు 47 లక్షల ఉయ్యాలలను వెనక్కి తీసుకున్నారు. 2022లో వాలు పడకల అమ్మకాన్నే ఆ దేశం చట్టంతో నిషేధించింది.

ఈ విషయంలో పేద ఇల్లు వెనుకబడి లేదు. నేలపై చాప, దానిమీద పలుచని గట్టి బొంత, అంచులు లోపలికి బిగించి మడిచిన ఒక దుప్పటి ఉంటే చాలు. ఖరీదైన స్పాంజి పరుపు కంటే ఇది మేలు. ఎత్తైన మంచం నుంచి దొర్లి పడే భయమూ ఉండదు. మంచం మీద పడుకోబెట్టి చుట్టూ దిండ్లతో గోడ కట్టడం పడిపోకుండా ఆపుతుందేమో గాని, ఊపిరికి ఉచ్చు బిగిస్తుంది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌తో చిన్నపరుపు, దోమతెర మన ఇళ్లకు పరిచయమయ్యాయి. దోమతెర తప్పక వాడాలి. కానీ బిడ్డ దొర్లే దశకు వచ్చాక, ముఖానికి తగిలేంత ఇరుకైన గొడుగు తెరకు బదులు పడక మొత్తాన్ని కప్పే పెద్ద తెర కట్టాలి.

జహీరాబాద్ చలి సంగతి తెలియనిది కాదు. పక్కనే ఉన్న కోహీర్ పేరు రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో ఒకటిగా శీతకాలంలో పత్రికలకు ఎక్కుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడి బిడ్డలపై రజాయిలు, ఊలు టోపీలు, మేజోళ్లు పొరలు పొరలుగా పేరుకుంటాయి. పెద్దవారు వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ ఉంటే బిడ్డకు సరిపోతుంది. దుప్పటి కప్పడానికి బదులు వెచ్చని నిండు దుస్తులు తొడగండి. ఇంట్లో నిద్రించేటప్పుడు టోపీ తీసేయండి, ఎందుకంటే పసిబిడ్డ వేడిని ఎక్కువగా తలనుంచే వదులుతుంది. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకుండా మెడ వెనుక తాకి చూడండి. అక్కడ చెమట ఉంటే పొర తగ్గించాలి. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టి నిద్రపోవడం మాత్రం బిడ్డకే కాదు, అందరికీ ప్రాణాంతకం. బీడీ, సిగరెట్ పొగ బోర్లా పడకతో పోటీపడేంత ప్రమాదకరం; తాగేవారు ఇంటి బయట తాగినా, ఆ రాత్రి బిడ్డ పక్కన పడుకోరాదు.

తల్లీబిడ్డలు ఒకే పక్కపై పడుకోవడం మన ఇళ్ల వాడుక. ఒకే గదిలో, చేయి చాచితే అందేంత దగ్గరగా, కానీ బిడ్డకు వేరే పక్క ఉండడం అన్నిటికంటే మంచిది. దివ్య ఖుర్ఆన్ రెండేళ్ల వరకు ప్రస్తావించిన తల్లిపాలు ఈ నిద్రా మరణాల ముప్పును తగ్గిస్తాయని వైద్యం కూడా చెబుతోంది. రాత్రి పాలిస్తూ తల్లికి కన్ను అంటుకోవడం సహజం. కుర్చీలోనో సోఫాలోనో కూర్చొని పాలిస్తూ నిద్రపోవడం కంటే, రజాయి, దిండు లేని నేలపక్కపై పాలివ్వడం నయం. మెలకువ రాగానే బిడ్డను తన పక్కకు మార్చాలి. పెద్ద పిల్లలను పసివాని పక్కన పడుకోనివ్వకండి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను, తల్లి మత్తు కలిగించే మందులు వాడుతున్నప్పుడు ఏ బిడ్డనూ ఒకే పక్కపై పడుకోబెట్టరాదు.

మరి బోర్లా ఉండడం పూర్తిగా చెడ్డదా? కానే కాదు, మెలకువగా ఉన్నప్పుడు అదే బిడ్డకు వ్యాయామం. ఇంకా పాకని శిశువులకు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మన దాదీలకు ఇది కొత్త కాదు. కాళ్లు చాపుకొని, బిడ్డను వాటిపై బోర్లా వేసి, వీపుకు నూనె మర్దన చేసే పద్ధతి ఏ పుస్తకమూ రాకముందే ఉంది. ఆ మర్దనలోనే మెడ గట్టిపడుతుంది, చేతులు ఊనడం వస్తుంది. రాత్రి పొరపాటున బోర్లా పడినా తల తిప్పుకునే బలం అక్కడే సమకూరుతుంది.

14 వారాల టీకాకు వెళ్లే రోజు ఈ మాటలన్నీ అడిగి తెలుసుకోవడానికి తగిన సమయం, ఎందుకంటే దొర్లే వయసు అప్పుడే దగ్గరపడుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డును వెంట తీసుకెళ్లి ఏఎన్ఎంకు చూపండి. మూడో నెలలో, ఆరో నెలలో ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు బిడ్డ పడుకునే చోటునే నేరుగా చూపించండి.

తల్లి తెలుసుకున్నంత మాత్రాన సరిపోదు. వెల్లకిలా నిద్రకు అలవాటుపడిన బిడ్డను ఒకరోజు కొత్తగా బోర్లా పడుకోబెడితే ముప్పు మరింత ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. బీదర్ నుంచి వచ్చిన నానీ, దావత్ రోజున బిడ్డను ఎత్తుకున్న పక్కింటి ఆపా, అమ్మీ నమాజులో ఉన్నప్పుడు తమ్ముణ్ణి పడుకోబెట్టే పదేళ్ల అక్క, వీరందరికీ ఆ ఒక్క మాట ముందుగా చెప్పి ఉంచాలి: వెల్లకిలా పడుకోబెట్టు, పక్కన ఏమీ పెట్టకు.