అతుకు బలం చెప్పే నీటిబొట్టు

1988 ఏప్రిల్‌ 28న హవాయి దీవుల మీదుగా ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్‌ బోయింగ్‌ 737 పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఊడిపోయింది. సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. రేకులను కలిపిన జిగురు అతుకులు విడిపోయి, భారమంతా రివెట్ల మీద పడి పగుళ్లు పెరిగాయని దర్యాప్తులో తేలింది.

ఆ పాఠం ఇప్పుడు మనకూ అవసరమే. మన తేజస్‌ నిర్మాణ బరువులో సుమారు 45 శాతం కాంపోజిట్లే. ఇలాంటి నిర్మాణాల్లో జిగురు అతుకుల బాధ్యత పెద్దది. చిక్కేమిటంటే, అతుకులో ఖాళీ ఉంటే అల్ట్రాసౌండ్‌ పట్టేస్తుంది కానీ, తాకుతూనే సరిగా అంటుకోని అతుకును నమ్మకంగా పట్టలేదు. దాని బలం తెలియాలంటే విరిచి చూడాల్సిందే. కాబట్టి అసలు పరీక్ష అతికించక ముందే జరగాలి. ఆ పరీక్షకు ఆధారం ఘనపదార్థపు తలతన్యత.

ద్రవాల తలతన్యతను నేరుగా కొలవవచ్చు. ఘనపదార్థం పారదు, బొట్టుగా మారదు. అందుకే దాన్ని అంచనా వేయాలి. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో గ్రిఫిత్‌ గాజును బాగా వేడిచేసి కొలిచి, ఆ విలువల వరుసను గది ఉష్ణోగ్రత వరకు పొడిగించారు. 1921లో వెలువడిన ఆ పరిశోధనే పగుళ్ల శాస్త్రానికి పునాది. లోహాలకు మరో పద్ధతి ఉంది. సన్నని రాగి తీగను కరిగే స్థాయికి కాస్త దిగువ వరకు వేడిచేస్తే తలతన్యత వల్ల కురచబడుతుంది. బరువు వేలాడదీస్తే సాగుతుంది. రెండూ జరగకుండా నిలిపే బరువును బట్టి విలువ కడతారు.

ప్లాస్టిక్‌లు, కాంపోజిట్లకు ఇవి పనికిరావు. అక్కడ నీటిబొట్టే సాధనం. బొట్టు అంచు ఉపరితలంతో చేసే స్పర్శకోణానికి, తలతన్యతకు ఉన్న సంబంధాన్ని 1805లోనే థామస్‌ యంగ్‌ వివరించారు. బొట్టు పరచుకుంటే కోణం తక్కువ, తామరాకు మీదిలా ముత్యమై నిలిస్తే ఎక్కువ. అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాలలో జిస్మన్‌ వేర్వేరు ద్రవాల కోణాలను గ్రాఫు గీసి, కోణం సున్నా అయ్యే చోటును ‘సందిగ్ధ తలతన్యత’ అన్నారు. ఇది టెఫ్లాన్‌కు మీటరుకు సుమారు 18 మిల్లీన్యూటన్లు, పాలిథీన్‌కు 31. ఎపాక్సీ జిగురు తలతన్యత 40కి పైనే. అందుకే అది టెఫ్లాన్‌ మీద పరచుకోదు. అచ్చు నుంచి భాగం సులువుగా ఊడిరావడానికి పూసే సిలికోన్‌ కంటికి కనిపించనంత మిగిలినా అదే గతి. 1969లో ఓవెన్స్‌, వెంట్‌ రెండు ద్రవాలతో లెక్కకట్టే పద్ధతి ఇచ్చారు. పద్ధతి మారితే అంకె మారుతుంది. కాబట్టి అంకె పక్కన పద్ధతి పేరు కూడా రాయాలి.

సర్వీసులో ఉండగా ఒక వర్క్‌షాపులో, గడువు దాటిందని నేను తొందరపెడుతుంటే ఒక హవల్దారు అల్యూమినియం పలక మీద నీళ్లు పోసి చూపించాడు. పొర నిలవకుండా చీలిపోయింది. ‘‘మళ్లీ కడగాలి సాబ్‌’’ అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. ఆ పూట పని ఆగింది, అంతే.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. సబ్బు అవశేషం ఉంటే మురికి పలక మీదా నీరు పరచుకుంటుంది. గరుకుదనం కోణాన్ని మారుస్తుంది. అందుకే కంటిచూపుతో సరిపెట్టకూడదు. చేత పట్టుకుని స్పర్శకోణం కొలిచే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మరమ్మతు జరిగే ప్రతి చోటా కోణాన్ని, శుభ్రం చేసిన వేళను, అతికించిన వేళను లాగ్‌బుక్కులో రాయాలి. కోణం తప్పితే పని ఆపే అధికారం ఆ టెక్నీషియన్‌కే ఇవ్వాలి. గాలిలో పైలట్‌ ఆ అతుకును పరీక్షించలేడు. నేల మీద ఉన్నవాళ్లే అతని తరఫున పరీక్షించాలి.