పన్నెండు నెలల తేడా

పిల్లలూ,

మన బిలాస్‌పూర్ బడి మైదానంలో అండర్-14 వాలీబాల్ జట్టు ఎంపిక జరిగిన రోజు మీలో చాలామంది చూశారు. వరుసలో నిలబడ్డ వాళ్ళందరిదీ ఒకే వర్గం. ఒకరికి అప్పుడే నూనూగు మీసాలు. పక్కవాడు అతని భుజం దాకా కూడా రాడు. ఎంపిక కాని ఒక అబ్బాయి సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "టీచర్, నాకు ఆట రాదా?" అని అడిగాడు.

బడుల పోటీల్లో వయసును డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారు. కాబట్టి జనవరి మొదట్లో పుట్టినవారూ, అదే ఏడాది డిసెంబరు చివర్లో పుట్టినవారూ ఒకే జట్టుకు పోటీపడతారు. తేడా దాదాపు 12 నెలలు. నా వయసువాళ్ళకు అదొక లెక్క కాదు. పదమూడేళ్ళ వారికి మాత్రం అది బతికిన కాలంలో పదమూడో వంతు! 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లే, ఆయన సహచరులు ఐస్ హాకీ ఆడే కుర్రాళ్ళ పుట్టిన తేదీలు పరిశీలించారు. అక్కడా లెక్క జనవరి 1తోనే మొదలు. మేటి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపించారు. ముందు ఎదిగినవారిని ముందు ఎంచుకుంటారు. వారికే శిక్షణా ఎక్కువ దొరుకుతుంది. అలా తేడా మరింత పెరుగుతుంది.

శరీరానికి కూడా సొంత టైంటేబుల్ ఉంది. అమ్మాయిలు సగటున 12 ఏళ్ళ దగ్గర, అబ్బాయిలు 14 ఏళ్ళ దగ్గర అన్నిటికంటే వేగంగా ఎత్తు పెరుగుతారు. కొందరికి అది ఒకటి రెండేళ్ళు ముందే వస్తుంది, కొందరికి అంతే ఆలస్యంగా. ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి వల్ల ఎత్తు పెరుగుతాం. పెరుగుదల ముగిశాక అది గట్టి ఎముకగా మారుతుంది. మణికట్టు ఎక్స్‌రేలో దీన్ని చూసి ఎముకల వయసు అంచనా వేస్తారు. మన క్రికెట్ బోర్డు అండర్-16 కుర్రాళ్ళకు ఈ పరీక్ష చేయిస్తుంది. కాగితం మీద వయసు తగ్గించి ఆడితే, నిజంగా ఆ వయసున్న ఇంకొకరి చోటు పోతుంది కదా!

బదిలీల మీద తిరిగే మనకు ఇంకో చిక్కు ఉంది. ఇంతకుముందు పనిచేసిన ఊళ్ళో ఒక పొట్టి అబ్బాయితో "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నాను. ఈలోగా వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. కొత్త బడి, కొత్త సారు. అతను ఆట మానేశాడని తర్వాత వాళ్ళమ్మ ఫోనులో చెప్పింది. "నువ్వింకా ఎదుగుతావు, అందాకా ఆట వదలకు" అని ఆ రోజే చెప్పాల్సింది.

అందుకే ఒక పని చేయండి. క్వార్టర్ గోడ మీద పెన్సిల్‌తో గీసిన ఎత్తు గీతలు మనతో రాయపూర్‌కో నాగపూర్‌కో రావు. మనం ఖాళీ చేయగానే సున్నం వేసేస్తారు. మూడు నెలలకోసారి మీ ఎత్తు నోటుపుస్తకంలో రాసుకోండి. కొత్త పీటీ సారుకు ఆ పుస్తకం, పుట్టిన నెల రెండూ చూపించండి. ఎత్తు వచ్చేలోగా సర్వీసు, బంతి అందుకోవడం నేర్చుకోండి. వాలీబాల్‌లో వెనక వరుసను కాపాడే లిబెరో స్థానం 1998 నుంచి ఉంది. దానికి ఎత్తుకన్నా చురుకుదనమే ముఖ్యం. ఇప్పటికే పొడుగైనవారూ నేర్చుకోవాలి, ఎందుకంటే మిగతావాళ్ళు మిమ్మల్ని అందుకునే రోజు వస్తుంది.

ఆ అబ్బాయి డిసెంబరులో పుట్టాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం సర్వీసు సాధన చేస్తున్నాడు.