అనాస – పేరు వచ్చిన త్రోవ

అనాస యను పేరు వినగానే సంస్కృత పరిచయము గలవారికి ఒక వ్యుత్పత్తి స్ఫురించును. నాస యనగా ముక్కు. ముక్కు లేనిది గనుక అనాస. మాకును తొలుత అట్లే తోచినది. కాని గదినంతయు పరిమళముతో నింపు పండునకు ముక్కుతో వైరమేల? ఈ పదమునకు సంస్కృతముతో సంబంధము లేదు. ఇది పోర్చుగీసువారి ఓడలలో మనకు చేరినది.

అనాస జన్మభూమి దక్షిణ అమెరికా. 1493లో కొలంబసు బృందము గ్వాడలూప్ ద్వీపమున దీనిని చూచినది. స్పెయినువారు ఆకారమును బట్టి దీనికి పైను చెట్టు కాయ పేరే పెట్టి 'పిన్యా' అనిరి. ఆంగ్లేయుల 'పైనాపిల్' కూడ ఆ పోలికతో పుట్టినదే. పోర్చుగీసువారు మాత్రము బ్రెజిలు తీరమున తూపీ భాష మాట్లాడు ప్రజలనుండి 'ననా' అను మాటను గ్రహించి, 'అననాస్' అని పలికిరి.

1500లో కబ్రాల్ నౌకలు బ్రెజిలును తాకి, ఆ యాత్రలోనే కళ్ళికోటకు వచ్చినవి. అటుపై ఈ సముద్రమార్గమున మొక్కలును మాటలును ప్రయాణము చేసినవి. అనాసకు విత్తనముతో పనిలేదు. పిలకను గాని, పండుపై నుండు ఆకుల కుచ్చును గాని నాటిన చాలును. అక్బరు కాలమున అబుల్ ఫజల్ దీనికి 'ప్రయాణపు పనస' యను పేరు కూడ కలదనియు, మొక్కను కుండలో పెట్టుకొని వెంట తీసికొనిపోవచ్చుననియు వ్రాసెను. మన 'అనాసపనస'లోను ఆ పోలికయే యున్నది. ఇది పరంగివారి రేవులలో పండుననియు, ఆగ్రా తోటలో ఏటేట వేలకొలది కాయుచున్నదనియు జహంగీరు తన స్వీయచరిత్రలో చెప్పెను.

పండు వెంట పేరును నడచినది. హిందీలో అనన్నాస్, వంగభాషలో ఆనారస్, తమిళమున అన్నాసి, తెలుగున అనాస. మేస్త్రీ, అలమార యను మాటలు మనకు వచ్చిన త్రోవయు ఇదియే.

నేడు బ్రెజిలులో ఈ పండును 'అబకషీ' అందురు. అదియు తూపీ పదమే. గాఢమైన వాసన గల పండని దాని అర్థము. కాని ఈ పేర్లు పెట్టిన తీరవాసులు రోగములచేతను దాస్యముచేతను క్షీణించిరి. తూపీనుండి ఏర్పడిన వ్యవహారభాషను సైతము 1757లో పోర్చుగీసు ప్రభుత్వము నిషేధించి, ఆదిమవాసులు పోర్చుగీసునే మాట్లాడవలెనని శాసించినది. వారి మాటను దేశదేశములకు మోసికొనిపోయినవారే వారి భాషను నోట రానీయలేదు.

సంతలో అనాసపండు బేరమాడునపుడు మనము పలుకునది ఆ తీరవాసుల మాట. దానిని సంస్కృతమునకు అంటగట్టితిమా, వారికి మిగిలిన ఆ కొద్దిపాటి గుర్తును మనమును చెరిపివేసిన వారమగుదుము.